కొట్టుకొచ్చిన కర్ర: ఏరడం దగ్గర్నుంచి ఇంట్లో నిలబెట్టేదాకా

గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో, అంటే నది నడుమ దిబ్బల మీద ఉండేవాళ్లు ఈ అంకెలు చూసుకుని సామాను సర్దుకుంటారు. సముద్రపు ఒడ్డున కర్ర ఏరేవాళ్లకు పంచాంగం కూడా ఇదే. మొదటి హెచ్చరికతో కొట్టుకొచ్చేది ఎక్కువగా గుర్రపుడెక్క, వెదురు ముక్కలు, పుల్లా పుడకా. రెండోది దాటితే లంకల ఒడ్లు కోసుకుపోయి చెట్లు వేళ్లతో సహా నీళ్లలోకి ఒరుగుతాయి. మూడోది దాటిన ఏడాది, 2022 జులైలో లాగా, పైనున్న ఏజెన్సీ అడవుల దుంగలు కూడా బ్యారేజీ 175 గేట్ల కిందుగా దిగొచ్చి సముద్రంలో పడతాయి.

అలాగని వరద వచ్చిన వారమే ఒడ్డుకు పరిగెత్తకండి. వరద నీరు కర్రను సముద్రంలోకి దూరంగా తోసేస్తుంది. అలలు దాన్ని తిప్పి తీసుకురావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. హెచ్చరికలన్నీ ఎత్తేశాక మరో పది పదిహేను రోజులు ఆగి వెళ్తే ఒడ్డు సర్దుకుని ఉంటుంది, కర్ర కూడా ఇసుకలో కుదురుకుని ఉంటుంది. వరద పారుతుండగా పడవేసుకుని గానీ, తాడూ కొక్కెంతో గానీ దుంగలు పట్టబోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఇంట్లో పెట్టుకునే ముక్క కోసం ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

ఏ ఒడ్డుకు, ఏ నెలలో

నైరుతి గాలి వీచే నెలల్లో ఒడ్డు వెంబడి ప్రవాహం ఈశాన్యం వైపు, అంటే ఉప్పాడ దిక్కుగా నడుస్తుంది. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదలై ఉత్తరంగా సాగిన హోప్ ఐలాండ్ ఇసుక మేట అలా ఏర్పడిందే. అందుకే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏ మొగ నుంచి వచ్చిన కర్రైనా దానికి ఈశాన్యంగా ఉన్న ఒడ్డున ఎక్కువగా దొరుకుతుంది. దసరా దాటి ఈశాన్య గాలి మొదలయ్యాక ప్రవాహం దిక్కు మారుతుంది. అప్పుడు అంతర్వేది దగ్గర మరో పాయ వశిష్ఠలోంచి వెళ్లిన కర్ర పేరుపాలెం వైపు దిగుతుంది. ఓడలరేవు, ఎస్.యానాం ఒడ్లు రెండు మొగల నడుమ ఉన్నాయి కాబట్టి రెండు కాలాల్లోనూ ఎంతో కొంత కనబడుతుంది.

ఉప్పాడ సంగతి వేరు. అక్కడ సముద్రం నేలను కోసుకుంటూ వస్తోంది కాబట్టి ఒడ్డున కనబడేవాటిలో వరద కర్రతో పాటు అక్కడే కూలిన కొబ్బరి, తాటి, సరుగుడు చెట్లు, పడిపోయిన ఇళ్ల దూలాలు, గుమ్మాల ముక్కలు కూడా ఉంటాయి. ఆ గుమ్మం ముక్క ఒకప్పుడు ఎవరి ఇంటిదో. పక్క వీధిలో ఆ మనిషి ఇంకా ఉండొచ్చు. అలాంటివి అడగకుండా ముట్టుకోవద్దు.

కోరింగ అభయారణ్యంలో, హోప్ ఐలాండ్ మీద ఏరడం అసలే కుదరదు. అభయారణ్యంలోంచి పడిపోయిన కొమ్మ తేవడం కూడా నేరమే. మడ అడవిలో కుళ్లే ప్రతి కర్రా పీతకు, రొయ్య పిల్లకు ఇల్లు. అక్కడ చూసి రండి, అంతే.

పోటు గీతలు చూడటం నేర్చుకోండి

పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా పైకెక్కుతుంది, పాటు, అంటే నీరు వెనక్కి తగ్గడం, బాగా దిగుతుంది. ఆ రోజుల్లో పాటు మొదలైన గంటకు ఒడ్డుకు చేరుకోండి. నీరు వెనక్కి తగ్గుతుంటుంది కాబట్టి మీకు నాలుగైదు గంటల సమయం దొరుకుతుంది.

ఒడ్డు మీద సాధారణంగా మూడు గీతలు కనబడతాయి. అన్నిటికంటే కిందిది నిన్నటి పోటు వదిలిన గీత. తడి నాచు, గవ్వలు, ప్లాస్టిక్ సీసాలు, తాటి టెంకలు అందులో ఉంటాయి. ఇక్కడి కర్ర కొత్తది, నీళ్లు తాగి బరువుగా ఉంటుంది. దానికి పైన పౌర్ణమి పోటు గీత. ఎండిన గుర్రపుడెక్క తుక్కుతో అది గోధుమరంగు కట్టలా కనబడుతుంది. తుక్కును వెదురు కర్రతో కదిపితే వేలెడు నుంచి మూరెడు దాకా ఉండే మంచి ముక్కలు కింద దొరుకుతాయి. మూడోది సరుగుడు తోట మొదట్లో, బాలబంద తీగ అల్లుకున్న ఇసుక దిబ్బ మీద. అక్కడిదాకా నీరొచ్చేది తుపాన్లప్పుడే. ఏళ్ల తరబడి ఎండా వానా తిన్న వెండిరంగు కర్ర అక్కడే ఉంటుంది. చాలామంది నీళ్ల అంచునే చూసుకుంటూ నడుస్తారు. అసలు సరుకు వాళ్ల వెనకాల, ఎత్తు మీద ఉంటుంది.

ఆ దిబ్బ మీద మాత్రం చేయి జాగ్రత్త. తీగ అల్లుకున్న కర్రను లాగితే తీగ తెగుతుంది, తీగ తెగితే ఇసుక కదిలిపోతుంది. సగానికి పైగా ఇసుకలో పూడిన దుంగను కూడా అలాగే వదిలేయండి. అది అక్కడ ఇసుకను పట్టి ఉంచుతోంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఒడ్లకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో రాత్రిపూట టార్చిలైటు వేసుకుని తిరగొద్దు, పొడి ఇసుక మీద దుంగలు ఈడ్వొద్దు.

వెంట ఏం తీసుకెళ్లాలి

రెండు గోనె సంచులు, మందపాటి చేతి తొడుగులు, నాలుగడుగుల వెదురు కర్ర, సన్నపళ్ల చిన్న రంపం, ఐదు మీటర్ల నైలాను తాడు, గుడ్డ పీలికలు, చెరగని మార్కరు. కాలికి దళసరి అడుగు బూట్లు వేసుకోండి. చెప్పులతో వెళ్తే పడవ చెక్కల తుప్పు మేకులు దిగుతాయి. టెటనస్ ఇంజక్షను వేయించుకుని ఉండటం మంచిది. గుడ్డ పీలికలు దేనికంటే, ఏరిన ప్రతి ముక్కకూ ఒకటి కట్టి దాని మీద ఊరు, తేదీ, ఏ గీతలో దొరికిందో రాయాలి. ఇంటికొచ్చాక ముక్కలన్నీ ఒకేలా కనబడతాయి, ఎంత నానబెట్టాలో అంచనా వేయడానికి ఆ రాతే ఆధారం.

వరద తర్వాత తుక్కు కింద రక్తపింజర, కట్లపాము ఉండొచ్చు, నది వాటినీ మోసుకొస్తుంది. వంగి చేత్తో ఎత్తకండి. వెదురు కర్రతో ముక్కను మీవైపుకు దొర్లిస్తే కిందున్న ప్రాణికి అవతలి పక్క దారి తెరుచుకుంటుంది. అదే అవతలికి దొర్లిస్తే అది మీ కాళ్ల మీదికి వస్తుంది. ఇంకొకటి: అలల్లో తేలుతున్న దుంగ దగ్గరికి మోకాలిలోతు నీళ్లలో కూడా వెళ్లొద్దు. ఒక్క అల చాలు, అది దొర్లి కాలు విరగ్గొడుతుంది. మొగల దగ్గర ఒండ్రు మట్టిలో కాలు దిగబడుతుంటే వెనక్కి తిరగండి.

ఏది తీసుకోవాలి, ఏది వదలాలి

మొదట గోటితో నొక్కండి. గోరు దిగితే లోపల కుళ్లింది, వదిలేయండి. గోరు దిగకపోతే వెదురు కర్రతో కొట్టండి. ఎండిన మంచి కర్ర టక్కున మోగుతుంది. తడి కర్ర మంచిదైనా మొద్దుగానే మోగుతుంది కాబట్టి దాన్ని బరువు చూసి తేల్చుకోవాలి. చేతికి బరువుగా, అంచులు గట్టిగా ఉంటే చేవ మిగిలి ఉన్నట్టు. చెట్టు కాండంలో బయటి తెల్ల చెక్క మెత్తన, దాన్ని పురుగూ నీరూ ముందు తినేస్తాయి. లోపలి చేవ నిలబడుతుంది. మంచి ముక్కకు ఆ ఆకారం వచ్చింది ఇలాగే. నది, సముద్రం కలిసి చేవ కానిదంతా తీసేశాయి.

కర్రను బట్టి జాగ్రత్తలు మారతాయి. తాటి చేవ నల్లటి సూదుల్లా చీలుతుంది, ఆ పేడు అరచేతిలో దిగితే లోపలే విరిగిపోతుంది. తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. కొబ్బరి మొద్దు పైన గట్టిగా, నడుమ దూదిలా ఉంటుంది, పైగా తడి పట్టుకుంటుంది. కొత్తవాళ్లు దాన్ని మానేయడం మేలు. సరుగుడు బరువైనది, ఎర్రమట్టి రంగు, పగుళ్లు దానికి సహజం. టేకును చాకుతో చిన్న పేడు గీరితే పట్టుకోవచ్చు. లోపల బంగారు గోధుమరంగు, నూనె తగిలినట్టు నున్నగా ఉంటుంది, కొత్త తోలు లాంటి వాసన వస్తుంది. పాలు కారే పచ్చి కొమ్మ ఏదైనా కనబడితే దూరంగా ఉండండి. మడ అడవుల్లోని తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

రంపపు కోత నున్నగా కనబడి, చివర సుత్తి ముద్రో, అంకెలో ఉంటే అది ఎవరిదో కలప. అటవీ చట్టాలు ఇలా కొట్టుకొచ్చిన కలపను హక్కుదారు తేలేదాకా ప్రభుత్వానిదిగానే చూస్తాయి. అక్కడే వదిలి అటవీ శాఖవాళ్లకు చెప్పండి. పోటు గీతకు పైన కుప్పగా పోసి, మీద రాయో వల ముక్కో పెట్టిన కర్ర పాలెంవాళ్లు పొయ్యిలోకి దాచుకున్నది. అది ఒడ్డున పడి ఉన్నట్టు కనబడినా మీది కాదు. మంచి ముక్క ఒకటి ఆ కుప్పలో ఉంటే ఇంటికెళ్లి అడగండి, బదులుగా నాలుగు ఎండు కొబ్బరి మట్టలు ఇచ్చినా సంతోషిస్తారు.

ఒక విడతకు రెండు మూడు ముక్కలు చాలు. పది తెచ్చినవాళ్ల ఇంట్లో ఎనిమిది పెరట్లో చెదలు పట్టిపోతాయి.

తెచ్చేటప్పుడు పాలిథిన్ కవరులో చుట్టకండి. తడి కర్రకు ఒక్క రాత్రిలో బూజు పడుతుంది. గోనె సంచిలో వేసి మూతి తెరిచి ఉంచండి.

కడగడం

అదే రోజు కడగండి. కొబ్బరి పీచు, నైలాను బ్రష్షు, పగుళ్లకు పాత పళ్ల బ్రష్షు, రంధ్రాలకు చెక్కిన వెదురు పుల్ల. ఇనప తీగ బ్రష్షు వాడొద్దు. దాంతో రెండు నష్టాలు. ఏళ్ల ఎండకు వచ్చిన వెండిరంగు పొర నిమిషంలో లేచిపోతుంది. విరిగిన ఇనప తీగలు చెక్కలో ఇరుక్కుని, చెక్కలోని వగరు పదార్థంతో కలిసి నల్లటి మరకలు పెడతాయి. ఆ మరక తేలిగ్గా పోదు. బ్లీచింగ్ పౌడరు కూడా వద్దనే చెబుతాం. తెల్లబడుతుంది గానీ పై నారలు పీచులా లేస్తాయి. వాసన సంగతికి వస్తే, నానబెట్టడంతో అదే పోతుంది.

ఉప్పు తీయడం

పని మొత్తంలో ఓపిక కావలసింది ఇక్కడే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. ఉప్పు పోని కర్ర శ్రావణ మాసంలో చెమట పట్టినట్టు తడుస్తుంది, ఎందుకంటే ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆరినప్పుడు పైన తెల్లటి పొడి పూస్తుంది. దానికి కొట్టిన మేకు తుప్పు పడుతుంది, రాసిన మైనం పట్టదు.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి చాలు. 200 లీటర్ల డ్రమ్ములో ఎనిమిది పది కిలోల కర్ర దాటనివ్వకండి. నీళ్లు కర్ర బరువుకు కనీసం ఐదింతలు ఉండాలి, ఎంత ఎక్కువైతే అంత త్వరగా ఉప్పు దిగుతుంది. కర్ర తేలుతుంది కాబట్టి నల్లరాయి బరువు పెట్టండి. ఇనప బరువు పెడితే పైన చెప్పిన నల్ల మరకే పడుతుంది.

నీళ్ల విషయంలో కోనసీమ తీర గ్రామాలకు ఒక ఇబ్బంది ఉంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లలో నెల నానబెట్టినా లాభం లేదు, చెక్కలోని ఉప్పు ఆ నీళ్ల ఉప్పు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కాలువ నీళ్లు గానీ వాన నీళ్లు గానీ వాడండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఈ పనిని వానాకాలంలోనో, కార్తీకంలోనో పెట్టుకోవడం మంచిది.

నీళ్లు మొదటి వారం రెండు రోజులకోసారి, తర్వాత మూడు రోజులకోసారి మార్చండి. బొటనవేలంత ముక్కకు ఐదారు రోజులు, మణికట్టంత దానికి రెండు వారాలు, అంతకంటే లావుదానికి నెల పైనే. డ్రమ్ము మూతికి పలచటి గుడ్డ కట్టడం మరవకండి. వారం కదపని నీళ్లు డెంగీ దోమలకు పుట్టిల్లు. మొదటి రెండు తడవల నీళ్లు మొక్కలకు పోయొద్దు. టేకు, సరుగుడు, మామిడి నీళ్లను టీ రంగుకు తెస్తాయి, కంగారు పడకండి.

ఉప్పు పోయిందో లేదో రోజులు లెక్కపెట్టి చెప్పలేం, కొలవాలి. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు పెన్ను ఉంటే డ్రమ్ములో పోసేముందు మంచినీళ్ల అంకె రాసుకోండి. 24 గంటల తర్వాత డ్రమ్ము నీళ్ల అంకె చూడండి. రెంటికీ తేడా 50 లోపుకు వచ్చేదాకా మారుస్తూ ఉండండి. మీటరు లేకపోతే స్టీలు గరిటెలు రెండు తీసుకుని, ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో డ్రమ్ము నీళ్లు పోసి సన్నసెగ మీద ఇగరబెట్టండి. అడుగున మిగిలిన తెల్ల మరక రెంటికీ ఒకేలా ఉంటే పని అయినట్టు.

ఆరబెట్టడం

ఎండలో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి, రోహిణి కార్తె ఎండలో అసలే పెట్టకండి. పైపొర ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి ఉబ్బే ఉంటుంది, ఆ లాగుడుకి కర్ర టపటప పగులుతుంది. కొసల్లోంచి తేమ త్వరగా పోతుంది కాబట్టి పగుళ్లు అక్కడే మొదలవుతాయి. కొత్తగా కోసిన కొస ఉంటే దానికి కరిగించిన కొవ్వొత్తి మైనం పూయండి.

గాలి ఆడే పంచలోనో, పాకలోనో రెండు ఇటుకల మీద, నేలకు తగలకుండా పెట్టండి. మూడు రోజులకోసారి తిప్పండి. వారానికోసారి కాటా మీద తూచి గుడ్డ పీలిక మీదే బరువు రాయండి. వరుసగా రెండు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు. సన్న ముక్కలకు మూడు నాలుగు వారాలు, లావు ముక్కలకు నాలుగైదు నెలలు పట్టొచ్చు.

మన తీరపు గాలిలో ఎంత ఆరిన కర్రైనా కొంత తేమతోనే ఉంటుంది. అందుకే ఇక్కడ బాగున్న ముక్క హైదరాబాదులో ఏసీ గదికి వెళ్లాక పగుళ్లిస్తుంది. బంధువులకు పంపేటప్పుడు, చేరాక ఓ నెల ఏసీ లేని గదిలో ఉంచమని చెప్పండి.

పురుగు

కర్రలో రంధ్రాలన్నీ ఒకటి కావు. లోపల సున్నం పూసినట్టు తెల్లటి గొట్టాలుంటే అవి ఓడపురుగువి. పేరుకు పురుగే గానీ అది ఆలిచిప్ప జాతి జీవి. ఉప్పునీళ్లు లేకపోతే బతకదు, మంచినీళ్లలో నానిన కర్రలో అది ఉండదు. పొడి రాలే చిన్న గుండ్రటి రంధ్రాలు మాత్రం పెంకుపురుగువి, వాటి పిల్లలు ఇంట్లో తలుపులకు కూడా ఎక్కుతాయి.

చిన్న ముక్కలైతే గంటన్నర ఉడకబెట్టండి. వంటకు వాడే గిన్నె వద్దు. పెద్దవాటికి లీటరు వేడినీళ్లలో 30 గ్రాముల వెలిగారం, 20 గ్రాముల బోరిక్ పౌడరు కలిపి, ఆరిన కర్రకు బ్రష్షుతో రెండు పూతలు వేయండి, రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించండి. తొడుగులు వేసుకోండి, పిల్లలకు అందనివ్వకండి. ఈ పూత వానకు కడిగిపోతుంది కాబట్టి ఇంట్లో పెట్టేవాటికే పనికొస్తుంది. చేపల తొట్టెలో పెట్టే కర్రకు ఇది గానీ, నూనె గానీ, మైనం గానీ ఏదీ తగలకూడదు. దానికి ఉడకబెట్టడం ఒక్కటే దారి.

పూత వేయాలా

వెండిరంగు కర్రకు ఏమీ పూయకండి. ఆ రంగు ఎలా వచ్చిందంటే, ఎండ చెక్కలో నారల్ని అతికి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొట్టింది, వాన దాన్ని కడిగేసింది, తెల్లటి సెల్యులోజ్ నారలు పైన మిగిలాయి. నూనె తగిలితే అది క్షణంలో గోధుమరంగుకు తిరుగుతుంది, వెనక్కి రాదు. ముదురు రంగు కర్రకైతే తేనెమైనం సన్నగా రాసి పాత నూలు గుడ్డతో రుద్దండి, లేదా అవిసె నూనె ఒకే పూత వేసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేయండి. అవిసె నూనె తడిసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు. దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరుబయట ఆరేయండి లేదా నీళ్లలో ముంచండి.

మన ప్రాంతంలో ఎక్కువగా జరిగే పొరపాటు కొబ్బరి నూనె రాయడం. చేతికి అందుబాటులో ఉంటుంది, రాయగానే మెరుస్తుంది. కానీ అది ఎప్పటికీ ఆరిపోదు. దుమ్ము పట్టి జిగురవుతుంది, కొన్నాళ్లకు ముక్క వాసన కొడుతుంది. మెరిసే వార్నిషు కూడా వద్దు. కాంతి ఆ మెరుపు మీదే ఆగిపోతుంది, గీతల దాకా దిగదు.

మిగిలిపోయిన ముక్కల్ని, నానబెట్టనివి ముఖ్యంగా, పొయ్యిలో వేయకండి. సముద్రపు ఉప్పు నిండిన కర్ర కాలితే వచ్చే పొగలో విషాలు మామూలు కట్టెలకంటే ఎక్కువ. నిప్పుల మీద కాల్చే చేపకు అది అసలే మంచిది కాదు.

నిలబెట్టడం

ముక్కను అటూ ఇటూ కనీసం వారం తిప్పి చూశాకే రంధ్రం వేయండి. నిలబెట్టే వైపు ఖాయమయ్యాక బరువు ఎక్కడ కేంద్రమవుతుందో కనుక్కోవాలి. ముక్కను ఒకచోట దారంతో వేలాడదీయండి, పక్కనే గుండు కట్టిన దారం వదలండి, దాని వెంట సుద్దముక్కతో గీత గీయండి. మరో చోటు నుంచి వేలాడదీసి మళ్లీ గీయండి. రెండు గీతలు కలిసిన చోట బరువు ఉంటుంది. దానికి నిట్టనిలువున కింద రంధ్రం వేస్తే ముక్క ఒరగదు. 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రాడ్డు, దానికి తగిన బిట్టు, నాలుగు సెంటీమీటర్ల లోతు. మామూలు ఇనప రాడ్డు ఎంత ఉప్పు తీసినా రెండేళ్లకు తుప్పు పడుతుంది. అడుగు పీట కర్ర బరువుకు తగ్గకుండా ఉండాలి. సామిల్లులో టేకు తుంపులు అడిగితే దొరుకుతాయి. జిగురు పెట్టకండి, ముక్కను తీసి చేతిలో తిప్పి చూసుకోవాలనిపిస్తుంది.

చూడటం

నేరుగా పడే లైటు కింద ఏ కర్రైనా మొద్దులాగే ఉంటుంది. పొద్దున కిటికీలోంచి ఏటవాలుగా వెలుగు పడే చోట పెట్టండి.

టేకు ముక్క కొసను ఆ వెలుగులో చూడండి. గీతలు గట్లలా లేచి, నడుమ పల్లాలు పడి ఉంటాయి. తొలకరికి చెట్టు త్వరత్వరగా పెరిగినప్పుడు పట్టిన చెక్కలో పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి, మెత్తన. తర్వాతి నెలల్లో పట్టింది గట్టిది. ఇసుక రాపిడికి మెత్తనిది అరిగింది, గట్టిది నిలిచింది. ఒక గట్టు, ఒక పల్లం కలిస్తే ఆ చెట్టుకు ఒక ఏడాది. వేలి కొసతో నడుపుతూ లెక్కపెట్టొచ్చు. గట్లు దగ్గరదగ్గరగా ఉన్న చోట చెట్టు ఇబ్బంది పడి పెరిగింది. కొమ్మ పుట్టిన ముడి దగ్గర గీతలన్నీ వంతెన స్తంభం చుట్టూ తిరిగే నీళ్లలా ఒంపు తిరుగుతాయి. ముడి అన్నిటికంటే గట్టిది కాబట్టి చుట్టూ అరిగి అదొక్కటే ఉబ్బెత్తుగా మిగులుతుంది.

ఒడ్డున దొరికే తెల్లమడ ముక్కలో ఈ లెక్క పనిచేయదు. దాని కొస ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా విడివడుతుంది. మడ చెట్టు చెక్క పొరకూ చెక్క పొరకూ మధ్య మెత్తటి కణజాలాన్ని పేరుస్తుంది, కుళ్లేటప్పుడు అది ముందు పోతుంది. ఆ పొరల్ని ఏళ్లుగా లెక్కపెట్టకండి, ఒక ఏడాదిలో ఒకటికి మించి కూడా పడతాయి.

తొడిమ లాంటి కాడతో గుల్లలు అంటుకుని ఉంటే ఆ కర్ర చాన్నాళ్లు నడిసముద్రంలో తేలింది. ఓడపురుగు గొట్టాల్ని భూతద్దంతో చూడండి. పైన గుండుసూదంత ద్వారం, లోపలికి పోనుపోను పెన్సిలంత లావు. ఎంత కిక్కిరిసి ఉన్నా ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి చొచ్చుకుపోదు, పక్కకు ఒదిగి తిరుగుతుంది. గొట్టాలున్న ముక్క ఉప్పునీళ్లలో నెలలు గడిపింది. అవి ఒక్కటీ లేకుండా, మూలలన్నీ నున్నగా అరిగిన ముక్క అయితే దాని ప్రయాణం ఎక్కువగా నదిలోనే సాగిందని అనుకోవచ్చు. వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం కనబడితే అది నీళ్లలో పడకముందు, చెట్టు ఎండి నిలబడి ఉన్నప్పుడు తుమ్మెద తొలిచింది.

ఏటా ఒకసారి

ఆషాఢం వచ్చాక ముక్క కింద నల్ల కాగితం పరిచి వారం కదపకండి. కాగితం మీద గోధుమరంగు పిండి రాలితే పెంకుపురుగు ఇంకా ఉంది, వెలిగారం పూత మళ్లీ వేయాలి. పట్టుకుంటే అరచేతికి తడి తగిలినా, కొసల్లో తెల్లటి పూత కనబడినా ఉప్పు మిగిలింది. అప్పటికి కాలువలకు నీళ్లొచ్చి ఉంటాయి కాబట్టి రాడ్డు తీసేసి ముక్కను మళ్లీ డ్రమ్ములో వేయండి, ఈసారి పది రోజులు చాలు. మొదట కట్టిన గుడ్డ పీలికను పీట అడుగున అతికించి ఉంచితే ఎక్కడ దొరికిందో, ఎన్నాళ్లు నానిందో, ఆరినప్పటి బరువెంతో అన్నీ అందులోనే ఉంటాయి.